వాన రాకముందు కోసిన కప్ప

ఈ పనిలో కూర్చోవడం ఉండదు. అది ముందుగా చెప్పాలి. జువాలజీ ల్యాబులో అటెండరుగా చేరితే ఒక స్టూలు ఇస్తారు. బకెట్టు పెట్టుకోవడానికి, పై అర అందుకోవడానికి తప్ప నేను ఆ స్టూలును వాడలేదు. పని మానేసి ఇన్నేళ్ళయినా నా కాలు ఒకచోట నిలవదు. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా మధ్యమధ్య లేచి పొయ్యి చూసి వస్తున్నాను, ఎవరో సగం తిప్పి వదిలేసిన కొళాయి కట్టేసి వస్తున్నాను.

మా మనవరాలు మొన్న ఒక కాలేజీలో ఇదే పనికి చేరింది. ఇప్పుడు దాన్ని ల్యాబ్ అసిస్టెంటు అంటున్నారు. చేరే ముందు రోజు వచ్చి అడిగింది.

"అవ్వా, ఆడ నీకు ఏం పని ఉండె?"

"గాజు కడిగేది."

"అంతేనా?"

"కప్పల్ని చంపేది."

అది మొహం చిట్లించింది. ఆ మొహంతో ల్యాబులోకి పోతే నెల తిరగకుండా ఇంటికి వచ్చేస్తుంది. అందుకని రాస్తున్నాను.

నేను చదివింది మా వీధి తెలుగు బడిలో అయిదో తరగతి వరకే. కప్ప లోపల ఏ నరానికి ఏ పేరో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసునని చెప్పుకోను. పేర్లు చెప్పడానికి మేడములు ఉన్నారు. వాళ్ళు చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి, అవి నేను చెబుతాను.

మిల్లు నేర్పినది

ల్యాబుకు ముందు నాది మిల్లు పని. కోయంబత్తూరులో, పీలమేడు దగ్గర, రీలింగు సెక్షను. అప్పట్లో మా పక్క ఇళ్ళకు గడియారం లేదు, మిల్లు సంగు ఉండేది. సంగంటే సైరను. అది కూస్తే అన్నం దించేవాళ్ళం, అది కూస్తే పిల్లల్ని బడికి తోలేవాళ్ళం. రీలింగులో పొద్దంతా నిలబడి తెగిన నూలు కలుపుతూ పోవాలి. చూపుడువేలు, బొటనవేలు, ఒక ముడి, అయిపోయింది, తరువాతది. ముడి విప్పడం అనే పనే అక్కడ లేదు. తెగితే కలుపు, చిక్కుపడితే కత్తిరించి పారెయ్యి. చిక్కు తీస్తూ నిలబడిన పిల్లను మా మేస్త్రీ ఊరుకునేవాడు కాదు.

"ఏమే, పెండ్లికి పూలు కడతా ఉండావా?" అని సెక్షనంతా వినేటట్టు అరిచేవాడు.

దూది ధూళి నాకు పడలేదు, దగ్గు పట్టుకుంది. మిల్లు డాక్టరు ఇక లోపలికి పోవద్దన్నాడు. అప్పుడు ఆ మేస్త్రీయే, ఆడపిల్లల కాలేజీలో ల్యాబుకు ఆడమనిషి కావాలని విని నన్ను పంపాడు. "పో గురువమ్మా. నూలు పోయి కప్ప వస్తుంది, అంతే దా. రెండూ చేతిలో నిలవవు" అన్నాడు.

నోరు చెడ్డ పైవాడు అంతా చెడ్డవాడు కాదని అప్పుడు తెలుసుకున్నాను. నోరు మంచి పైవాళ్ళ గురించి కూడా తరువాత తెలుసుకున్నాను, అది ఇక్కడ రాయను.

రాయి పెట్టడం

ల్యాబులో నేను మొదట నేర్చుకున్న విద్య తొట్టి మీద రాయి పెట్టడం. కప్పల్ని సిమెంటు తొట్టిలో వేసి, పైన తడి గోనెపట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. నేను సెలవు పెట్టిన ఒకరోజు నా బదులు వచ్చినావిడ పట్టా కప్పింది, రాళ్ళు పెట్టలేదు. కప్పలు వరండా దాటి తమిళం క్లాసులోకి పోయాయి. బి.ఏ. పిల్లలు బల్లలు ఎక్కేశారు. మా ల్యాబు పిల్లలు లంగాలు ఎగగట్టి పట్టడానికి పరిగెత్తారు. తమిళం మేడమ్ మాత్రం పాఠం ఆపలేదట. మరునాడు ఆవిడ నన్ను పిలిచి, "మీ పిల్లలు నా క్లాసుకు వచ్చారు, హాజరు వేశాను" అంది.

పొదుపు కూడా ఈ పనిలో సగం. కోసే తట్టలో, అంటే పళ్ళెంలో, మైనం పోసి ఉంటుంది, దాని మీద కప్పను వెల్లకిలా పెట్టి గుండుసూదులు గుచ్చుతారు. గాట్లు పడి పాడైన మైనాన్ని పారేయడం అక్కడి వాడుక. నేను కరిగించి, పాత చీరముక్కతో వడగట్టి మళ్ళీ పోసేదాన్ని. గాజు కడిగిన ఆఖరి నీళ్ళతో గోనెపట్టా తడిపేదాన్ని. సబ్బుముక్కలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి వాడేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వనీ. నీళ్ళు కరువైన యేడాది ఆ నవ్వులు ఆగాయి.

ఇక పిల్లల సంగతి. మొదటి కోతరోజు కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల గురించి బెంగపెట్టుకోవద్దు. మొహాన నీళ్ళు చల్లి, కాసేపు వరండాలో నిలబెడితే లేచి వస్తుంది. చాలామంది అట్లా లేచి వచ్చి డాక్టర్లయ్యారు. మొదటి రోజే కప్ప కాలు పట్టి ఊపి పక్కపిల్లను బెదిరించి నవ్వే పిల్ల ఒకతె ఉంటుంది. కన్ను దాని మీద పెట్టాలి. కత్తి దాని చేతికి ఆలస్యంగా ఇవ్వాలి.

ఆండాళు

డాక్టరీ చదవాలంటే నేరుగా పోయి చేరేది కాదు. ముందు పి.యు.సి.లో, అంటే బడి అయ్యాక కాలేజీలో చదివే తొలి యేడాదిలో, ఫిజిక్సు, కెమిస్ట్రీ, జీవశాస్త్రం మూడూ పూర్తి చేసి ఉండాలి. ఒక్కటి తక్కువైనా మెడికల్ కాలేజీ వాళ్ళు అప్లికేషను చూడరు. జీవశాస్త్రం పూర్తికావాలంటే రాతపరీక్ష చాలదు, ప్రాక్టికల్ పరీక్షలో కప్పనో బొద్దింకనో కోసి చూపించాలి. కాబట్టి ఎంతోమంది పిల్లల డాక్టరీకి దారి మా తొట్టి పక్కనుంచే పోయేది.

ఆండాళు అన్నూరు పక్కనున్న మా తెలుగువాళ్ళ వీధి పిల్ల. మొదటి యేడాది జీవశాస్త్రంలో చోటు దొరకక లెక్కల గ్రూపులో చేరి, బాగానే పాసైంది. లెక్కలతో డాక్టరీకి పోవడం కుదరదు గనుక, తక్కువైన ఒక్క జీవశాస్త్రం కోసం మళ్ళీ యేడాది చేరింది. వాళ్ళ బావి ఎండిపోయి, వాళ్ళ నాయన సేద్యం వదిలి మిల్లుకు పోతున్న రోజులవి. "ఈ ఒక్క యేడాదే, అమ్మణ్ణి. ఇంకొక యేడాది అడగొద్దు" అని చెప్పి పంపాడు.

ఆ పిల్ల చెయ్యి మంచి చెయ్యి. చూస్తే తెలిసేది. కత్తెర మొన పైకి ఉంచి, లోపలిది ఏదీ తెగకుండా తోలు మాత్రం తీసేది. మా సరస్వతి మేడమ్ ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆండాళు తట్ట దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడేది. అదే మెచ్చుకోవడం.

పరీక్ష ఇంకా కొద్ది వారాలుందనగా, ఒక సోమవారం, ఆండాళు తట్ట ముందు నిలబడి కత్తెర పట్టుకోలేదు.

మేడమ్‌ది మద్రాసు. ఆవిడ మాట్లాడింది తమిళంలో, నేను తెలుగులో రాస్తున్నాను. "ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగుంది మేడమ్."

"మరి పట్టుకో."

పట్టుకోలేదు. మేడమ్ చూసి చూసి పక్క బల్లకు పోయింది. గంట కొట్టాక అందరూ పోయారు, ఆ పిల్ల సింకు దగ్గర ఊరికే చేతులు కడుగుతూ నిలబడింది. కోయని చేతులు ఎందుకు కడుగుతుందని దగ్గరకు పోయాను. కుడి మణికట్టుకు పసుపుదారం కనిపించింది. దారం మధ్య ఒక వేపాకు ఈనె.

నాకు అర్థమైంది. "కప్పతల్లిని ఎత్తినావా?"

"ఎత్తినాను గురువక్కా."

"ఎవురు ఎత్తమనిరి?"

"అవ్వ. ఆదివారం ఇంటికి పోతిని గదా. వీధిలో పెండ్లికాని పెద్దపిల్ల నువ్వే, ముందర నడువు అనింది. సరి అంటిని."

"పరిచ్చ గురుతు రాలేదా?"

"వచ్చింది. రోకలి భుజాన పెట్టినాక."

కప్పకు ఊరేమిటి

తెలియని వాళ్ళకు చెప్పాలి. ఎండలు ముదిరి వాన జాడ లేనప్పుడు మా ఆడవాళ్ళు ఒక కప్పను తడిగుడ్డలో పెట్టి, వేపాకు చుట్టి, రోకలికి కడతారు. ఇద్దరు ఆడపిల్లలు ఆ రోకలిని భుజాల మీద మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ చెంబెడు నీళ్ళు కప్ప మీద పోస్తుంది. ఆఖరున కప్పను బావిలో వదిలేస్తారు. అది అరిస్తే వాన వస్తుందని నమ్మకం. మా పూర్వీకులు ఏనాడో ఆంధ్రదేశం నుంచి వచ్చేటప్పుడు మూటలో ఏం తెచ్చుకున్నారో తెలియదు గానీ, ఇది తెచ్చుకున్నారు. ఆండాళు వాళ్ళ వీధిలో ఒక కట్టడి కూడా ఉంది. ముందర నడిచిన పిల్లకు పెద్దామె దారం కడుతుంది. వాన పడేదాకా ఆ పిల్ల కప్పకు కీడు చెయ్యకూడదు. వాన పడ్డాక, కట్టిన చెయ్యే దారం విప్పాలి.

ఆ యేడాది కోయంబత్తూరు చుట్టుపక్కల రోకలికి కట్టడానికి ఒకటి దొరికితే గొప్ప, ల్యాబుకు సరిపడా కప్పలు దొరకడం లేదు. మా తొట్టిలో ఉన్నవి చిన్నమనూరు కప్పలు. నా చెల్లెలిని అక్కడ ఇచ్చారు. వరిమళ్ళ ఊరు, కాలవ నీళ్ళు. వాళ్ళాయన తడిగోనెలో కట్టి బస్సు మీద పంపేవాడు.

మేడమ్‌కు చెప్పాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. "పరీక్షకు బయటి కాలేజీనుంచి ఎగ్జామినర్ వస్తాడు, చీటీలు తీయిస్తాడు. బొద్దింక వస్తే గండం తప్పినట్టే. కప్ప వస్తే నేను చేయగలిగింది లేదు గురువమ్మా. ఈ నమ్మకం గురించి అతనికి నేను చెప్పలేను, చెప్పినా వినడు" అంది. అంతవరకు బొద్దింకతో చెయ్యి సాధన చేయమంది.

పిల్ల బొద్దింకలు కోసింది. రోజూ చీటీ గురించే మాట. బొద్దింక వస్తుందా, కప్ప వస్తుందా. నాకు ఆ మాటలు వింటే ఒంట్లో పురుగు పాకినట్టుండేది. చీటీని నమ్ముకుని ఏడాది చదువును గాలిలో పెట్టడం నాకు చేతకాదు. ఆదివారం రాగానే పిల్లను వెంటబెట్టుకుని అన్నూరు బస్సు ఎక్కాను.

వాళ్ళ అవ్వ పేరు రంగమ్మ. భూములున్న ఇంటి మనిషి. అరుగు మీద నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"యెవురు బిడ్డవు నువ్వు?"

"మిల్లు లైను ఇండ్ల వాళ్ళం పెద్దమ్మా. కాలేజీలో పని."

"ఏం పని?"

"కప్పల్ని చూసుకునేది."

"చూసుకునేదా? కోసేదా?"

"చూసుకొని, కోసేదానికి ఇచ్చేది."

"అట్ల చెప్పు" అంది. మనిషి గట్టిదని తెలిసిపోయింది. చుట్టు తిప్పి చెబితే లాభం లేదు. వచ్చిన పని చెప్పాను. ఆవిడ వింటూ వేపపుల్ల నములుతూ నిలబడింది.

"మా తొట్టిలో ఉండేది మీ కప్ప గాదు పెద్దమ్మా. చిన్నమనూరు కప్ప. ఆడ కాలవలో ఏటినీళ్ళు వస్తాయి. మీ వానతో దానికి పని లేదు" అన్నాను.

"కప్పకి ఊరేంటే? ఓటు వేస్తుందా?"

ఆండాళు నాయన గోడకానుకుని ఉన్నాడు, నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"మీ వాన కోసం అది అరవదు. నెలగా మా తొట్టిలో ఉండాది. ఒక్కటీ నోరు తెరవలేదు."

"ఊరు వదిలి వచ్చింది గదా. దుఃఖం. నోరెట్ల తెరుస్తుంది?"

అప్పుడు వాళ్ళ నాయన నోరు విప్పాడు. "అమ్మా, పరిచ్చ పోతే యేడాది పోయినట్టే. మళ్ళీ పంపేదానికి నాచేత కాదు. దాని చేతిలో దారం ఉండాది, నా చేతిలో ఏమీ లేదు."

రంగమ్మ ఆండాళు వైపు తిరిగింది. "నువ్వేమంటావే? నోరు నీకూ పోయిందా?"

"రోకలి ఎత్తింది నేనే అవ్వా. నన్నెవరూ కట్టి మొయ్యించలేదు. దారం తెంపి పరిచ్చ రాయను. రాయకుండా ఉండేదానికీ నాకు మనసు లేదు."

"మరేం చేస్తావు?"

"తెలీదు."

"తెలీకుంటే తిను ముందు" అని లోపలికి పోయింది. మాకు సజ్జన్నం, మజ్జిగ పెట్టింది. అవుననలేదు, కాదనలేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల దారం తిప్పుకుంటూ కూర్చుంది. నాకు సీటున్నా కూర్చోబుద్ధి కాలేదు, కమ్మీ పట్టుకుని పీలమేడు దాకా నిలబడి వచ్చాను.

ఇత్తడి బిందె

ఆ వారమంతా ల్యాబులో ఏ పనీ కుదురుగా సాగలేదు. కడిగిన గాజే కడిగాను. బుధవారం పోయింది, గురువారం పోయింది. శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు తట్టల ముందు నిలబడి ఉండగా, తలుపు దగ్గర రంగమ్మ కనిపించింది. నడుమున ఇత్తడి బిందె, నోటికి గుడ్డ కట్టి ఉంది. అన్నూరు నుంచి బస్సులో, ఆ జనంలో, చుక్క ఒలకకుండా తెచ్చింది.

ఇట్లాంటప్పుడు మీ పైవాళ్ళు ఏం చేస్తారో చూడండి. కొందరు అటెండరును పిలిచి, "బయట కూర్చోబెట్టు" అంటారు. సరస్వతి మేడమ్ ఎదురుపోయి రండి అంది. స్టూలు చూపించింది.

"దాని మీద ఎక్కితే దిగలేను" అని రంగమ్మ తొట్టి దగ్గరకు నడిచింది. నేను రాళ్ళు తీసి పట్టా ఎత్తాను. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. తరువాత మేడమ్ వైపు తిరిగింది.

"ఇవి ఏం చేసినాయని కోస్తారు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. మనిషి లోపల గుండె, పేగు, నరం ఎట్లా ఉంటాయో ఇందులో చిన్నవిగా ఉంటాయి. రేపు మనిషిని కొయ్యాల్సిన చెయ్యి ఈ రోజు దీని మీద కుదరాలి."

"అంటే తప్పు పోతే మనిషికి బదులు ఇది పోతుంది."

మేడమ్ తడుముకోలేదు. "తప్పు పోకపోయినా ఇది పోతుందమ్మా" అంది.

నేను ఇక అయిపోయిందనుకున్నాను. ఇంత నిజం చెప్పాల్సిన పనేముందని మేడమ్ మీద కోపం వచ్చింది. కానీ రంగమ్మ తల ఊపింది.

"దాచకుండా చెప్పినావు. నొప్పి ఉండదు, పుణ్యం వస్తుంది అని చెప్పింటే నేను పిల్లను ఇంటికి తోలుకుపోయుందును" అంది. బిందె గుడ్డ విప్పింది. "మా బావిలో అడుగున ఊరిన నీళ్ళు." వాటిని కప్పల మీద మెల్లగా, మూలమూలకూ పడేటట్టు పోసింది. నెలగా రాళ్ళలాగా ఉన్న కప్పలు కదిలాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"ఆండాళూ, చెయ్యి చాపు. కట్టింది నేను, విప్పేదీ నేనే."

దారం విప్పి, ఆ దారాన్నే పిల్ల చేతిలో పెట్టి, తన మణికట్టు ముందుకు చాపింది. "నాకు కట్టు. మొక్కు నాకు రానీ. నేను ఏ కప్పనూ కొయ్యబోను గదా. వాన పడేదాకా ఒంటిపూట తింటాను."

"అవ్వా, నీకు ఒళ్ళు..."

"కట్టు అంటిని. గట్టిగా. ఊడిపోతే వీధిలో మాట నాకు వస్తుంది."

ఆండాళు కట్టింది. రంగమ్మ ఖాళీ బిందె నడుమున పెట్టుకుని, నన్ను చూసి, "నువ్వు చెప్పింది నిజమే. మా కప్పల మాదిరి లేవు. కాస్త నలుపు" అని వెళ్ళిపోయింది.

పరీక్ష

పరీక్షరోజు చీటీలో ఆండాళుకు కప్పే వచ్చింది, అందులోనూ రక్తనాళాలు. అది కష్టమని పిల్లలందరికీ తెలుసు. కప్ప మీద సాధన లేకుండా గడిచిన వారాలు తిరిగి రావు.

పరీక్షలో అటెండరుకు నోరు లేదు. కొత్తగా చేరేవాళ్ళు ఇది గట్టిగా పట్టుకోండి. కంటితో సైగ కూడా చెయ్యకూడదు. పిల్ల చెయ్యెత్తి అడిగింది ఇవ్వాలి, పక్కకు జరగాలి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నిలబడ్డాననే గానీ, చెప్పుల్లేని కాళ్ళకు గచ్చు కాలుతున్నట్టు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలికి మారుతూనే ఉన్నాను.

సగం అయిందనగా ఆండాళు తట్టలో ఎరుపు కమ్మింది. ఎక్కడో సన్ననిది తెగింది. తట్టలో నీళ్ళు ఎర్రబడితే లోపల ఏముందో కనిపించదు. కనిపించకుండా ఇంకా కత్తెర పెడితే ఇంకా తెగుతుంది. ఆ పిల్ల కత్తెర తీసేసింది. చేతులు రెండూ తట్టకు ఇరువైపులా పెట్టి, కదలకుండా నిలబడి, నెత్తురు ఆగేదాకా చూసింది. గదిలో కదలని మనిషి అది ఒక్కతే. తరువాత చెయ్యెత్తింది.

"నీళ్ళు."

ఆ రోజు కొళాయి రాలేదు. తెల్లవారుజామునే వచ్చి కుండల్లో పట్టి దాచి ఉంచాను. తట్ట వంచి ఎర్రనీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళు పోశాను. మళ్ళీ ఎరుపు తేలింది. మళ్ళీ చెయ్యెత్తింది. మళ్ళీ పోశాను. ఎగ్జామినర్ తల తిప్పి, "కరువులో ఇన్ని నీళ్ళా?" అన్నాడు. మా వీధుల్లో కప్ప మీద నీళ్ళు పోసేది వాన కోసం. నేను పోసింది ఆ పిల్లకు లోపల కనిపించడం కోసం.

మూడోసారి నీళ్ళు తేటగా నిలిచాయి. ఆండాళు తెగిన చోటు పక్కకు పెట్టి, మిగిలినవన్నీ విడదీసి, ఒక్కొక్కదాని కింద నల్లకాగితం ముక్క పెట్టి చూపించింది. ఎగ్జామినర్ తట్ట మీదికి వంగి, తెగినదాన్ని పుల్లతో చూపి ఏదో అడిగాడు. ఆ పిల్ల, "నేనే తెంపినాను సార్" అంది. ఆయన రాసుకుని పోయాడు.

పాసైంది. మూడు సబ్జెక్టులూ పూర్తయ్యాయి, అప్లికేషను పోయింది. ఆ తరువాత మదురైలో సీటు వచ్చింది, చదివింది. అది ఆమె చెప్పుకోవలసిన కథ, నేను దానిలోకి పోను. వానరోజు మాత్రం చెప్పాలి.

వాన

వాన రాలేదు. అప్లికేషను పోయి వారాలు గడిచినా రాలేదు. కాలేజీకి వేసవి సెలవులు. ఇంట్లో నేను ఉండలేకపోయాను. అన్నూరు సంతలో చింతపండు మేలుగా, చౌకగా దొరుకుతుందని చెప్పి బయలుదేరేదాన్ని. చింతపండు కొన్నాక కాళ్ళు వాటంతట అవే ఆ వీధికి పోయేవి.

రంగమ్మ చిక్కిపోయింది. ఒంటిపూట అన్నది మాటకే, ఆ పూటా సరిగా తినడం లేదని కొడుకు చెప్పాడు. సీటు గురించి కార్డు ఇంకా రాలేదు. ఆండాళు గుమ్మంలోకీ పెరట్లోకీ తిరుగుతూ ఉండేది. గుమ్మంలో పోస్టు కోసం, పెరట్లో మబ్బు కోసం. ఎదురింటావిడ ఒకరోజు నేనున్నప్పుడే గొంతు పెంచి అంది.

"కప్పను కోసినాక మళ ఎట్ల వస్తుందిలే!" మళంటే వాన.

రంగమ్మ అరుగు దిగకుండానే బదులిచ్చింది. "కొయ్యక ముందర మీ ఇంట్లోకి వరద వచ్చిందే, మరిచిపోతిని!"

నవ్వు వచ్చింది గానీ, ఆండాళు నవ్వలేదు. ఆ పిల్ల అవ్వ మణికట్టు చూస్తోంది. దారం వదులై, కింద ఎముక కనిపిస్తోంది.

ఆ తరువాతి సంతరోజు నేను చింతపండు మూటతో వాళ్ళింటి అరుగు దగ్గర నిలబడి, ఆఖరి బస్సు కోసం రోడ్డు వైపు చూస్తున్నాను. పడమట మబ్బు లేచింది. గాలి దుమ్మెత్తింది. వచ్చేటట్టు వచ్చి పోయే మబ్బులు ఎన్నో చూశాం. చినుకులు పడ్డాయి. మట్టి వాసన వచ్చింది. తరువాత పెంకులు మోగేటట్టు కురిసింది. వీధిలో ఆడవాళ్ళు చెంబులు, గిన్నెలు, చాటలు కూడా బయట పెట్టారు. ఎదురింటావిడ నడివీధిలో తడుస్తూ నిలబడి మా అరుగు వైపు చూసింది.

రంగమ్మ చూరు నీళ్ళ కింద చెయ్యి పెట్టింది. మణికట్టు, దారం, అన్నీ తడిసేదాకా ఉంచింది. అప్పుడు మనవరాలిని పిలిచింది.

ఆండాళు వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. అవ్వ ఆ పిల్ల కుడిచేతిని పట్టుకుని తిప్పి చూసింది.

"కోసింది ఈ చెయ్యేనా?"

"ఇదే అవ్వా."

"సరి. విప్పు."

దారం తడిసి ముడి బిగుసుకుపోయింది. గట్టిగా కట్టమన్నది ఆవిడే. ఆండాళు గోటితో ఒక పోగు కదిలించింది, ఆగింది, ఇంకోవైపునుంచి ఇంకో పోగు పట్టింది. లాగలేదు. నాకు మిల్లు అలవాటు.

"కత్తెర తేనా?" అన్నాను.

రంగమ్మ నా వైపు తిరగలేదు. "నువ్వు కూచో" అంది.

రోడ్డు మీద బస్సు హారను మోగింది. ముడి ఇంకా సగమే వచ్చింది. నేను మూట కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాను.